పసుపుకు చేసినట్టే చెయ్యి

తిర్యాణి,
20 అక్టోబర్ 2024

వదినా,

ఇంకా పెట్టె కూడా విప్పలేదు, ముందు నీకే రాస్తున్నాను. నీ చెవికి ఫోన్ మాట ఎక్కదు, ఈ కొండల మధ్య నా ఫోన్‌కు సిగ్నల్ ఎక్కదు. ఇక మనిద్దరికీ పోస్టుమన్ ఒక్కడే దిక్కు. ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్ అని పంపారు గానీ, ఇక్కడ మూడు వందల మంది పిల్లలకు, అంతకు రెట్టింపు కోతులకు కలిపి వార్డెన్‌ని. వచ్చిన గంటలోనే ఒక కోతి నా దువ్వెన ఎత్తుకుపోయి గోడ మీద కూర్చొని తల దువ్వుకుంది. ఈ సంగతి ముందే చెప్పారు కాబట్టే నా పూలకుండీని నీ దగ్గర వదిలి వచ్చాను.

అది మామూలు కుండీ కాదని నీకూ తెలుసు. మీ తమ్ముడు దుబాయ్ హోటల్లో తోటపనికి పోయి పద్నాలుగేళ్లు. మొన్న సెలవుకు వచ్చినప్పుడు హైదరాబాద్ నర్సరీలో దాన్ని కొని నా చేతిలో పెట్టి, "నేను గక్కడ రోజు పొద్దుగాల లేవంగనే చూసే పువ్వు గిదే. నువ్వు గూడ చూడు" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మనిషి నోట్లోంచి వచ్చిన ప్రేమ మాట అదొక్కటే. అందుకని చెప్తున్నా, జాగ్రత్త.

ఎండ నేరుగా తగలకూడదు, వెలుతురు మాత్రం తగలాలి. ముందు గదిలో తూర్పు కిటికీ పక్కన పెట్టు. రోజు విడిచి రోజు ఒక్క గ్లాసు నీళ్లు. కూలర్ గాలి వద్దు. వారానికోసారి ఆకులు తడిబట్టతో తుడువు. అన్నయ్యను దాని పక్కన బీడీ కాల్చనివ్వకు.

దానికి రాణి అని పేరు పెట్టాను. నవ్వకు.

నీ మరదలు
శైలజ


పెర్కిట్,
6 నవంబర్ 2024

శైలజా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. మొదటిసారి నవ్వుకుంట, రెండోసారి కోపంతోని. నేను ఈ ఇంటికి కోడలుగ వచ్చిననాడు నా గురించి గిన్ని జాగ్రత్తలు చెప్పినోళ్లు ఒక్కరు లేరు. కూలర్ గాలి వద్దట, తడిబట్టతో తుడువాలట! మీ అన్న అది విని, "నన్ను గూడ జర గా కిటికి పక్కన కూసోబెట్టి తుడువరాదే" అన్నడు.

అయినా మరదలా, ఎవరికి చెప్తున్నవు చెట్టు పెంచుడు? ముప్పై ఐదేండ్ల సంది కమ్మర్‌పల్లి తొవ్వల మూడెకరాల పసుపు చేస్తున్న. గా ఒక్క కుండి నాకొక లెక్కనా? తాతకు దగ్గులు నేర్పినట్టున్నది నీ కథ.

పువ్వు ఇంక నిలిచి ఉన్నది. తామరమొగ్గను గులాబి రంగుల ముంచి తీసినట్టు మంచిగనే ఉన్నది, అబద్ధం ఎందుకు. పక్కింటి వినోద వచ్చి "ప్లాస్టిక్‌దా?" అని గిల్లబోయింది. చేతి మీద ఒక్కటి వేసిన. వాళ్లింట్ల అన్ని ప్లాస్టిక్ పువ్వులే, నిజం పువ్వు చూస్తే నమ్మబుద్ధి కాదు దానికి.

ఒక్క మాట. దీని ఆకు, కాడ చూస్తే ఇది మన పసుపుకు చుట్టమే అనిపిస్తుంది. మా తమ్ముడు నరహరిని అడుగు.

మీ అన్న బీడి వాకిట్లనే కాలుస్తుండు. ముప్పై ఐదేండ్లల నాతోని కాని పని నీ రాణితోని అయింది.

నీలవ్వ


తిర్యాణి,
9 జనవరి 2025

వదినా,

ఆకులు పండుబారుతున్నాయని నువ్వు రాసిన కార్డు అందింది. బుధవారం జీపులో ఆసిఫాబాద్ దాకా పోయి మీ తమ్ముడికి ఫోన్ చేశాను. నువ్వు చెప్పిందే నిజం. అది పసుపుకు చుట్టమేనట. చలికాలం ఎండిపోవడం దాని గుణమట, మళ్లీ వానలకు పూస్తుందట. "పసుపు లెక్కనే చూసుకొమ్మను. అక్కకు నేను చెప్పాల్నా" అని నవ్వాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే లైన్ కట్టయింది.

కాబట్టి పసుపుకు ఏం చేస్తావో దీనికీ అదే చెయ్యి. నేను నిజామాబాద్ టౌన్‌లో పెరిగినదాన్ని, పసుపు డబ్బాలోంచి వస్తుందనుకునేదాన్ని. నీకంటే తెలిసినవాళ్లు ఎవరున్నారు?

ఇక్కడ కోతులు ఇప్పుడు వంటగది గొళ్లెం తీయడం నేర్చుకున్నాయి. పిల్లలకంటే తొందరగా నేర్చుకుంటున్నాయి.

శైలజ


పెర్కిట్,
24 ఫిబ్రవరి 2025

శైలజా,

నెల రోజుల సంది ఉత్తరం రాసే తీరికే లేదు. పసుపు తవ్వుడు, ఉడకబెట్టుడు, ఎండబోసుడు. ఒళ్లంత పచ్చగై, వినోద నన్ను చూసి "అత్తా, మళ్ల పెండ్లికూతురువైనవా?" అన్నది. మీ అన్న "వద్దు తల్లి, ఒక్కసారికే సాలు" అన్నడు.

మా ఇంట్ల కొత్త పసుపు ముందుగాల తమ్ముని ఇంటికి పోవాలె, అటెంకనే మార్కెట్‌కు. అందుకే బస్సుల మూట పంపుతున్న. మూట అడుగున చిన్న పొట్లం వేరే కట్టిన. అది నీకొక విశేషం. ఏందో చూసి నువ్వే చెప్పు.

మీ అన్న అలవాటు మాత్రం మారలే. ఏ కుప్ప కనబడ్డా అందులకెళ్లి మంచి గడ్డలు ఏరి విత్తనంల పడేస్తడు. ఉడకబెట్టే గంప కాడ గూడ చెయ్యి ఊకోదు. నేను ఒర్రుతనే ఉంట, ఆయన ఏరుతనే ఉంటడు.

రాణి ఫికర్ చెయ్యకు. నువ్వు చెప్పినట్టే చేసిన.

నీలవ్వ


తిర్యాణి,
3 మార్చి 2025

వదినా,

పసుపు అందింది. మూట విప్పగానే గదంతా నీ ఇల్లయింది. కానీ ఆ పొట్లంలో విశేషం ఏమిటో నాకు అర్థం కాలేదు. చిన్న చిన్న గడ్డలు, విరిచి చూస్తే లోపల తెల్లగా ఉన్నాయి. సరే, కొత్త రకమేమో అని దంచి పప్పులో వేశాను. పప్పు తెల్లబోయి నా మొహం చూసింది. రంగు లేదు, వాసన లేదు. అయినా పారేయలేక తిన్నాను. ఊరంతా నీ పసుపు గురించి గొప్పలు చెప్పుకుంటావు, ఇదేం పసుపు వదినా?

అది వదిలెయ్. అసలు కబురు విను. మీ తమ్ముడు వచ్చేస్తున్నాడు. సెలవుకు కాదు, పూర్తిగా. సెప్టెంబర్ మొదటి వారంలో. ఆనాటికి మా ఆర్మూర్ ఇంట్లో, ముందు గదిలో, ఆ పువ్వు పూసి ఉండాలి. గడప దాటగానే ఆయన కంటికి ముందు అదే కనబడాలి. ఆయనకు మాటలు రావు. నాకు వస్తాయి గానీ ఆయన ముందు రావు. ఆయన కోసం నేను ఎంత ఎదురుచూశానో ఆ పువ్వే చెప్పాలి వదినా.

మొన్న లైన్ కట్టయిన మాట కూడా చెప్పాడు. ఆకు ఎండినా గడ్డను మట్టిలోంచి కదిలించకూడదట. నీళ్లు ఆపేసి అట్లాగే నిద్రపోనివ్వాలట. నువ్వు ఎలాగూ అదే చేసి ఉంటావు కదా.

శైలజ


పెర్కిట్,
8 మార్చి 2025

శైలూ,

తెల్ల పప్పు సంగతి చదివిన. నువ్వు పప్పుల వేసుకున్నది నీ రాణినే.

పసుపుకు చేసినట్టే చెయ్యి అన్నవు. పసుపుకు మేమేం చేస్తం? ఆకు ఎండితే కోస్తం, తవ్వుతం, ఉడకబెడతం, ఎండబోస్తం. గంతే చేసిన. తవ్వినప్పుడు తొమ్మిది గడ్డలు. ఎండినంక చూస్తే ఏడే ఉన్నయి, ఎలుక ఎత్తుకపోయింది అనుకున్న. ఆ ఏడు గోనెసంచిల రుద్ది, మెరుగుపెట్టి, నీ చెట్టు పంట నీకే అని మురిపెంగ పంపిన. నన్ను మించిన ఎడ్డిది ఉన్నదా?

నరహరికి మాటలు రావని నాకు చెప్తున్నవా? నా పెండ్లి అయి నేను బండి ఎక్కుతుంటే అందరు ఏడుస్తున్నరు. వాడు ఏడువలే, మాట్లాడలే. నా చేతిల ఒక జామకాయ పెట్టి ఉరికిండు. గసుమంటోడు నీకు ఇచ్చిన పువ్వును నేను ఉడకబెట్టిన. సెప్టెంబర్ల వాడు గడప దాటి వస్తే నేనేం చూపియ్యాలె?

సాయంత్రం: పోస్టు డబ్బా దాక పోయి మళ్లొచ్చిన. వెయ్య చెయ్యి రాలే. ఇది పెట్టెల చీరల కింద ఉంటది.


పెర్కిట్,
9 మార్చి 2025

శైలజా,

తమ్ముడు వస్తుండని చదివి కడుపు నిండింది. తెల్ల గడ్డలంటవా, గది కొత్త రకం. ఒంటికి చలువ. మళ్ల దొరకది, మళ్ల అడగకు.

రాణి పడుకున్నది. మస్తు నిద్ర. గురక ఒక్కటే తక్కువ.

నీలవ్వ


తిర్యాణి,
2 జూన్ 2025

వదినా,

ఎండాకాలం సెలవుల్లో నీ ఇంట్లో ఉన్న రెండు రోజులూ మరిచిపోలేను. నువ్వు నా కోసం చేయని వంట లేదు. మటన్ వండావు, సర్వపిండి చేశావు, నా తలకు నూనె కూడా పెట్టావు. ఇరవై ఆరేళ్లలో ఎప్పుడూ లేని ఈ మర్యాద ఎందుకో తెలియక కొంచెం భయం కూడా వేసింది.

నేను కుండీ పక్కన కూర్చున్నప్పుడల్లా "ఛాయ్ తాగుదం రా" అని లాక్కుపోయావు. రెండు రోజుల్లో పద్నాలుగు ఛాయ్‌లు. నిద్రపోయేదాన్ని కండ్లు పెట్టి చూస్తే పీడకలలు వస్తాయని చెప్పావు చూడు, అది మా హాస్టల్ పిల్లలకు చెబితే వాళ్లూ నమ్మలేదు.

సరే, వానలు వస్తున్నాయి. మొలక రాగానే వారం వారం ఎన్ని అంగుళాలు పెరిగిందో కొలిచి రాయి. అన్నయ్య ఫోన్లో ఒక ఫోటో తీయించు. సిగ్నల్ దొరికినప్పుడు చూసుకుంటాను.

శైలజ


పెర్కిట్,
18 జూలై 2025

శైలజా,

లేచింది! నిద్రలేచినంక ఇగ ఆగుతలేదు. ఆకు మూరెడున్నది. పసుపు చుట్టం కద, అచ్చం పసుపు లెక్కనే కనబడతది, నువ్వు పరేషాన్ కాకు. పోయినేడు నీ ఇంట్ల పొట్టిగ ఉండె అంటే తిండి సరిపోలేదన్నట్టు. మా ఇంటి తిండి వేరే.

ఫోటో సంగతి మరిచిపో. మీ అన్న ఫోన్ల ఎవలను తీసినా నల్లగనే పడతరు. నా ఆధార్ కార్డు చూసినవు కద.

నీలవ్వ


తిర్యాణి,
5 ఆగస్టు 2025

వదినా,

మూరెడా! దాని ఆకు జానెడు దాటదని మీ తమ్ముడు అంటున్నాడు. హోటల్లో రెండు వందల కుండీలు పెంచే మనిషి. ఆయనదే తప్పు అయి ఉంటుంది. నువ్వు అబద్ధం చెప్తావా?

మొగ్గ వేసిందా? రంగు ఏమిటి? ఇంకో సంగతి. ఆయన సెప్టెంబర్ నాలుగున దిగుతున్నాడు. నాకేమో దసరా దాకా సెలవు ఇవ్వరట. కాబట్టి అంతా నీ చేతుల్లోనే ఉంది. మా ఇంటి తాళం నీ దగ్గరే కదా. ఆ పొద్దున ఇల్లు తెరిచి, కుండీని ముందు గదిలో కిటికీ పక్కన పెట్టు. పువ్వు గుమ్మం వైపు తిరిగి ఉండాలి.

శైలజ


పెర్కిట్,
14 ఆగస్టు 2025

శైలజా,

మొగ్గ గురించి అడగొద్దు, దిష్టి తగులుతది. వచ్చినప్పుడు వస్తది. కాన్పు తారీకు కడుపుతోని ఉన్నదాన్ని రోజూ అడుగుతరా?

చేన్ల కలుపు నడుస్తున్నది. కలుపుకు వచ్చే మంగ నిన్న తలల ఏదో గులాబి పువ్వు పెట్టుకొని తిరుగుతున్నది. "ఎక్కడిదే" అంటే "చేన్లదే అత్తా" అన్నది. పసుపు చేన్ల గులాబి పువ్వులెక్కడియి? మొగడు కొనిచ్చి ఉంటడు, చెప్ప సిగ్గు. నాకైతే మీ అన్న ఒక్కనాడు కొనియ్యలే.

నీ మాట ప్రకారమే కుండీ పెడత. ఇగ ఉత్తరాలు రాయకు, నాకు చేన్ల పని ఉన్నది.

నీలవ్వ


పెర్కిట్,
6 సెప్టెంబర్ 2025

శైలూ,

ఈ ఉత్తరం పోస్టుమన్ తేలేదు, చూసినవు కద. తెచ్చినోన్ని అక్కడనే నిలబెట్టు, ముందుగాల ఇది చదువు. దీంతోని ఒక పాత ఉత్తరం గూడ ఉన్నది, మార్చిల రాసింది. ఆరు నెలలు చీరల కింద ఉండి డాంబర్ గోళీల వాసన పట్టింది. అది చదివినంక నన్ను ఎంత తిట్టాల్నో అంత తిట్టు.

జూన్ల నీ కుండిల నేను పెట్టింది మా చేను పసుపు కొమ్ము. అది నడుము దాక పెరిగింది గని పువ్వు వెయ్యలే. మొన్న పొద్దుగాల మీ ఇల్లు తెరిచి, ఊడ్చి, దాన్ని కిటికి పక్కన పెట్టిన. పువ్వు లేకుంటే ఎట్లని వినోద ఇంట్లకెళ్లి ఒక ప్లాస్టిక్ పువ్వు తెచ్చి ఆకుల నడుమ చెక్కిన. గులాబిదే. గుమ్మం దిక్కే తిప్పి పెట్టిన.

నరహరి వచ్చిండు. చెప్పులు గూడ ఇడువలే. "అక్కా, గిది మన పసుపు గాదె? దీనికి గా పువ్వెట్ల పూసింది?" అన్నడు. ఇగ నాతోని కాలే. ఏడుసుకుంట అంత చెప్పిన. వాడు తిట్టలే. ప్లాస్టిక్ పువ్వు తీసి చేతుల తిప్పుకుంట కూసున్నడు. "శైలజకు ఎరుకేనా?" అని మాత్రం అడిగిండు. ఎరుకలేదన్న.

గప్పుడు మీ అన్న, దర్వాజ కాడ దొంగ లెక్క నిలబడ్డోడు, మెల్లగ నోరు తెరిచిండు. "గా గంపలకెళ్లి రెండు గడ్డలు నేనే ఏరి విత్తనంల పడేసినట్టున్న. పసుపోళ్ల ఇంట్ల విత్తనం తియ్యకుండ ఉడకబెడతరానె?" ఎలుక ఎవరో గప్పుడు తెలిసింది నాకు.

ముగ్గురం ఆటోల చేనుకు పోయినం. సాలు సాలు ఎతికినం. బోరు కాడ ఆఖరి సాలుల, పెద్ద పసుపు ఆకుల నీడకు రెండు పొట్టి మొక్కలున్నయి. ఒకదానికి పువ్వు తెంపిన కాడ. అది మంగ తలల పెట్టుకున్నది. రెండోదానికి పువ్వు నిండుగ ఉన్నది. "పువ్వు పూసినదాన్ని కలుపని ఎట్ల పీకాలె అత్తా, ఇడిసిపెట్టిన" అన్నది మంగ. దాన్ని పట్టుకొని ముద్దు పెట్టుకున్న. ఈ ఏడు దానికి చీర పెట్టాలె.

నరహరి మట్టి కదలకుండ తీసి నీ కుండిల పెట్టిండు. దసరా దాక ఆగరా అన్న. ఆగలే. పొద్దుగాల మొదటి బస్సుకే పోతనన్నడు.

ఇగ తల ఎత్తి చూడు. వాడేం మాట్లాడడు. నువ్వే ఏదన్న అను.

మాఫ్ చెయ్యమని అడగను. వదినెను, అడిగితే బాగుండది.

నీలవ్వ


తిర్యాణి,
9 సెప్టెంబర్ 2025

వదినా,

ఉత్తరాలు రెండూ గేటు దగ్గరే నిలబడి చదివాను. మూడు వందల మంది పిల్లలు కిటికీల్లోంచి చూస్తున్నారు. తల ఎత్తితే ఆయన. నువ్వు చెప్పినట్టే ఏం మాట్లాడలేదు, కుండీని రెండు చేతులతో నా ముందుకు చాపాడు. నేను మాట్లాడదామనుకున్నాను. ఏడుపొచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు నా నేరం విను. మే నెలలో మీ ఇంటికి వచ్చినప్పుడు, నువ్వు మొదటి ఛాయ్ పెట్టడానికి పోగానే కుండీలో వేలు పెట్టి చూశాను. అడుగు దాకా ఏమీ తగల్లేదు. అప్పుడు తెల్ల పప్పు గుర్తుకొచ్చింది. రాణి ఎక్కడికి పోయిందో తెలిసింది. పెరట్లోకి పోయి ఏడ్చాను. నీ మీద పట్టలేని కోపం వచ్చింది. మర్నాడు తెల్లవారగానే నిలదీసి అడగాలని ముందు గదిలోకి వస్తే, నువ్వు కిటికీ దగ్గర నిలబడి ఆ ఉత్త మట్టికి చెంబుతో నీళ్లు పోస్తున్నావు. పోసి, మట్టి మీద చెయ్యి పెట్టి, "లే బిడ్డా, నా తమ్ముడు వస్తుండు" అంటున్నావు. లోపల ఏమీ లేదని నీకు తెలుసు. అయినా పోస్తున్నావు. అట్లాంటి మనిషిని ఏమని తిట్టాలి? చప్పుడు చేయకుండా పోయి పడుకున్నాను.

అట్లా అని ఊరికే వదలాలా? అందుకే అంగుళాలు అడిగాను, ఫోటో అడిగాను, రంగు అడిగాను. నీ ఆధార్ కార్డు మాటకు మూడు రోజులు నవ్వాను. పువ్వు మీద ఆశ మాత్రం వదిలేసుకున్నాను. పండక్కి వచ్చి ఖాళీ కుండీయే చూపించి, జరిగింది నేనే ఆయనకు చెప్పుకుందామనుకున్నాను. తప్పు నాదీ ఉంది కదా, పసుపుకు చేసినట్టే చెయ్యి అని రాసింది నేనే.

దసరాకు ఇద్దరం వస్తున్నాం. కుండీ కూడా వస్తుంది, మళ్లీ నీ దగ్గరికే. ఇక్కడ ఉంచితే కోతులు బతకనివ్వవు, నిన్ననే ఒకటి ఊచల్లోంచి చెయ్యి పెట్టింది. చలికాలం ఆకులు ఎండినప్పుడు ఏం చేయాలో ఈసారి నేను రాయను. అన్నయ్యను అడుగు.

ఆయన కావాలంటే ఇక కిటికీ పక్కనే కూర్చొని బీడీ కాల్చుకోవచ్చు.

నీ మరదలు
శైలజ